పార్టీ పేరులో & ఉంటే బిల్లు పీడీఎఫ్ రావట్లేదు, ఎందుకు?

పలాస_జీడి
పలాసలో మా మామయ్యగారి జీడిపప్పు ఫ్యాక్టరీకి బిల్లింగ్ నేనే చూస్తున్నాను. సాఫ్ట్‌వేర్ పీహెచ్‌పీలో రాసింది, లినక్స్ సర్వర్ మీద నడుస్తుంది, చేసిచ్చిన కుర్రాళ్లు ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. బిల్లు సేవ్ చెయ్యగానే పీడీఎఫ్ తయారై పార్టీకి వాట్సాప్‌లో వెళ్లాలి. అందరికీ వెళ్తోంది గానీ పేరులో & ఉన్న పార్టీలకి మాత్రం పీడీఎఫ్ దొరకలేదు అంటోంది. మా లైన్లో సగం పేర్లు అలాగే ఉంటాయి, అండ్ కో, అండ్ సన్స్, అండ్ బ్రదర్స్. ప్రస్తుతానికి & తీసేసి 'అండ్' అని కొడుతున్నాం, కానీ జీఎస్టీలో ఉన్న పేరూ బిల్లు మీద పేరూ ఒకటే ఉండాలని ఆడిటర్ గారు ఒప్పుకోవడం లేదు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి, లోడింగు టైంలో ఇదొక టెన్షన్.

చీపురుపల్లి_చిన్నోడు
హెచ్‌టీఎమ్‌ఎల్ ఎన్‌కోడింగ్ గొడవ అయ్యుంటుంది. డేటాబేస్‌లో & పక్కన ఇంకేవో అక్షరాలు చేరి సేవ్ అవుతుంటాయి. అక్కడ చూడు.

పలాస_జీడి
చూశాను. డేటాబేస్‌లో సరిగ్గా ఉంది, స్క్రీన్ మీదా సరిగ్గా ఉంది. పీడీఎఫ్ దగ్గరే పోతోంది.

నాగావళి
పీడీఎఫ్‌లు పడే ఫోల్డర్ తెరిచి, ఆ పార్టీ పేరులో సగం మాత్రమే ఉన్న ఫైలు ఏదైనా ఉందేమో చూడండి. అదే టైంకి ఎర్రర్ లాగ్‌లో ఏం పడిందో కూడా ఇక్కడ పెట్టండి. అందులో వాడిన ప్యాకేజీ (ఎవరో రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) పేరు?

పలాస_జీడి
ఉంది గురువుగారూ! 'ఫలానా_ట్రేడర్స్_' అని ఒక ఫైలు, చివర పీడీఎఫ్ అన్న ముక్క లేదు. పేరు మార్చి తెరిస్తే బిల్లు శుభ్రంగా ఉంది. లాగ్‌లో ఇలా ఉంది: 'ఎస్‌హెచ్: 1: _సన్స్.పీడీఎఫ్: నాట్ ఫౌండ్'. ప్యాకేజీ పేరు [నిర్వాహకుడు తొలగించారు].

చీపురుపల్లి_చిన్నోడు
అయితే సన్స్ గార్ని డ్యూటీకి పిలిచింది, ఆయన రాలేదన్నమాట.

నాగావళి
చిన్నోడు నవ్వించడానికి అన్నాడు గానీ జరిగింది సరిగ్గా అదే, అందుకే నాకు కంగారుగా ఉంది. జీడి గారూ, ఇది & గొడవ కాదు. మీ ప్యాకేజీ పీడీఎఫ్ తనంతట తాను తయారు చెయ్యదు, సర్వర్‌లో ఉన్న డబ్ల్యూకే హెచ్‌టీఎమ్‌ఎల్ టు పీడీఎఫ్ అనే వేరే ప్రోగ్రామ్‌ని పిలుస్తుంది. పిలిచే పద్ధతి ఏమిటంటే, ప్రోగ్రామ్ పేరు, బిల్లు ఫైలు పేరు, తయారు చెయ్యాల్సిన పీడీఎఫ్ పేరు, ఈ మూడూ ఒకే వాక్యంగా అతికించి షెల్ (అక్షరాల్లో ఇచ్చిన ఆదేశాల్ని చదివి నడిపే ప్రోగ్రామ్) చేతికి ఇస్తుంది. మీ దగ్గర పీడీఎఫ్ పేరు అంటే పార్టీ పేరే, మధ్యలో ఖాళీలు తీసి అండర్‌స్కోర్ పెడుతున్నారు, అంతే. షెల్‌కి & అంటే అక్షరం కాదు, 'ఇంతవరకూ ఉన్నది వెనకాల నడవనియ్యి, దీని తర్వాత ఉన్నది ఇంకో కమాండ్' అని అర్థం. అందుకే మొదటి సగం పేరుతో ఫైలు పడింది, రెండో సగాన్ని ప్రోగ్రామ్ అనుకుని నడపబోయి, అలాంటిది లేదని లాగ్‌లో రాసింది.

ఫ్యాక్టరీలో హమాలీకి 'ఈ పార్టీకి పది డబ్బాలు ఎక్కించు' అని చీటీ రాస్తాం కదా, పార్టీ పేరు రాసే చోట ఎవడో 'ఫలానా వాళ్లకి, తర్వాత గోడౌన్ తాళం కూడా వాళ్లకే ఇచ్చెయ్యి' అని రాస్తే అతను చీటీలో ఉన్నదంతా మీ మాటే అనుకుని చేసేస్తాడు. సన్స్ అనే ప్రోగ్రామ్ లేదు కాబట్టి ఈసారి ఏమీ కాలేదు. ఉన్న ప్రోగ్రామ్ పేరు అక్కడ రాస్తే అది నడుస్తుంది, మీ వెబ్ సర్వర్‌కి ఉన్న అధికారంతోనే నడుస్తుంది. దీన్నే కమాండ్ ఇంజెక్షన్ అంటారు, లోపాల జాబితాలో సీడబ్ల్యూఈ-78.

నిర్వాహకుడు
పై పోస్టులో ప్యాకేజీ పేరు తీసేశాను. రాసినవాళ్లు సరిచేసేదాకా ఎవరూ పేరు పెట్టొద్దు, ఊహించి కూడా రాయొద్దు.

రాజాం_రాజు
మరీ భయపెడుతున్నారు నాగావళి గారు. ఫ్యాక్టరీ ఆఫీసులో ఇద్దరు ముగ్గురు కూర్చుని బిల్లులు కొట్టుకునే సాఫ్ట్‌వేర్ అది. పేరు కొట్టేది వాళ్ల మనిషే కదా, సొంత సర్వర్‌ని ఆయనే ఎందుకు పాడు చేసుకుంటాడు? & వస్తే 'అండ్' అని మార్చే లైను ఒకటి రాసేసుకుంటే పని అయిపోతుంది. సీజన్లో సిస్టమ్ అంతా విప్పుకుని కూర్చుంటే సరుకు ఎవరు పంపుతారు?

కళింగ_కోడర్
రాజు గారూ, & ఒక్కటే కాదు. సెమికోలన్, నిలువు గీత, బ్యాక్‌టిక్, డాలర్ గుర్తు పక్కన బ్రాకెట్, కొత్త లైను, ఇవన్నీ షెల్‌కి ఏదో ఒక అర్థం ఉన్నవే. ఒక్కొక్కటీ ఏరి తీసెయ్యాలనుకుంటే ఏదో ఒకటి మిగిలిపోతుంది. అసలు పేర్లు కొట్టేది ఆఫీసు వాళ్లేనా అన్నది జీడి గారు చెప్పాలి.

పలాస_జీడి
అక్కా, అక్కడే నాకు చెమటలు పడుతున్నాయి. బరంపురం, విశాఖ, రాయపూర్ డీలర్లు ఆర్డర్ పెట్టుకోవడానికి నెట్‌లో ఒక ఫారం ఉంది. షాపు పేరు, ఫోను, జీఎస్టీ నెంబరు వాళ్లే కొట్టి రిజిస్టర్ అవుతారు. అయిన వెంటనే ఒక ప్రొఫార్మా పీడీఎఫ్ దానంతట అదే తయారవుతుంది. మేం ఓకే చెయ్యక ముందే.

నాగావళి
ఆ ఫారం ఇప్పుడే ఆపండి. మిగతా చర్చ తర్వాత. ఆర్డర్లు ఫోన్లో తీసుకోండి.

గంటస్తంభం
అవును ముందు అది ఆపు తమ్ముడూ, ఎవరో తెలియని మనిషి కొట్టిన పేరు నేరుగా షెల్ దాకా వెళ్తోందంటే మీ పార్టీల లెడ్జరు, బ్యాంకు వివరాలు, జీఎస్టీ నెంబర్లు అన్నీ రోడ్డు మీద పెట్టినట్టే.

పలాస_జీడి
ఆపేశాను. 'సాంకేతిక కారణాల వల్ల' అని బోర్డు పెట్టాను.

రాజాం_రాజు
సరే, నెట్‌లో ఫారం ఉందని నాకు తెలీదు, ఆపడం కరెక్టే. కానీ ఒక మాట. ఖాళీలన్నీ అండర్‌స్కోర్ అయిపోతున్నాయి అన్నారు కదా. ఖాళీ లేకుండా షెల్‌లో ఒంటి మాట కమాండ్ తప్ప ఏం నడుస్తుంది? ఎవడైనా ఫైలు దించాలన్నా, చెరపాలన్నా మధ్యలో ఖాళీ కావాలి. కాబట్టి పెద్ద ప్రమాదం లేదనే నా అభిప్రాయం.

కళింగ_కోడర్
ఉంది. షెల్‌లోనే ఐఎఫ్‌ఎస్ అని ఒక వేరియబుల్ ఉంటుంది, మాటలు విడగొట్టే గుర్తులు అందులో ఉంటాయి, ఖాళీ కొట్టకుండా దాన్ని పెడితే ఖాళీ పనే చేస్తుంది. ఇది చాలా పాత చిట్కా, దాడి చేసేవాళ్ల టూల్స్‌లో మొదటి పేజీలోనే ఉంటుంది. ఖాళీలు తీశాం కాబట్టి బయటపడ్డాం అనుకుని ఎవరూ నిద్రపోకూడదు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

తోటపల్లి_కాలవ
నాకు అర్థం కానిది ఒకటి. బయట నలుగురూ వాడే ప్యాకేజీ లాగే ఉంది. అందులో ఇంత మామూలు తప్పు ఎలా ఉండిపోయింది? చిన్న ప్యాకేజీ అయ్యుంటుంది, పెద్దవాటిలో ఉండవు కదా?

కళింగ_కోడర్
పెద్దవాటిలోనే ఉన్నాయి తమ్ముడూ. ఇమేజ్‌మ్యాజిక్ అంటే ఫొటోల సైజు మార్చడానికి సగం ప్రపంచం వాడే సాఫ్ట్‌వేర్. 2016 మే నెలలో బయటపడింది, ఫొటో అని ఒక ఫైలు అప్‌లోడ్ చేస్తే అందులో రాసిన చిరునామాని అది అలాగే షెల్‌కి ఇస్తోంది, సీవీఈ-2016-3714 (సీవీఈ అంటే బయటపడిన ఒక్కో లోపానికి ఇచ్చే నెంబరు), ఇమేజ్‌ట్రాజిక్ అని పేరు కూడా పెట్టారు. అదే ఏడాది డిసెంబరులో పీహెచ్‌పీమెయిలర్, పీహెచ్‌పీ నుంచి మెయిల్ పంపడానికి వాడేది. అక్కడ పంపినవాళ్ల ఈమెయిల్ చిరునామా గడి ద్వారా సెండ్‌మెయిల్ ప్రోగ్రామ్‌కి అదనపు ఆప్షన్లు దూర్చొచ్చు. 5.2.18లో సరిచేశాం అన్నారు, దాన్ని దాటేసే దారి దొరికింది, మళ్లీ 5.2.20 తేవాల్సి వచ్చింది. నోడ్‌లో (జావాస్క్రిప్ట్‌ని సర్వర్‌లో నడిపేది) సిస్టమ్‌ఇన్ఫర్మేషన్ అనే ప్యాకేజీ 2021లో. అందులో మాటని వడకట్టే కోడ్ ఉంది, కానీ మాట బదులు అర్రే (విలువల జాబితా) పంపిస్తే వడపోత పట్టించుకోలేదు, 5.3.1లో మూశారు. ఇక 2014 సెప్టెంబరులో షెల్‌షాక్, అది బ్యాష్ షెల్‌లోనే ఉన్న లోపం, ఎన్నో ఏళ్లుగా అందులోనే పడి ఉంది.

ఒకే తప్పు, వేరే వేరే వేషాలు. వడకట్టి ఆపాలని చూసిన చోట మళ్లీ మళ్లీ లీకయింది. అందుకే నేను & మార్చే లైను రాయొద్దని అంటున్నది.

వంశధార_82
విజయనగరంలో మా కాలేజీ ఆఫీసులో విండోస్ మీద ఎక్సాంప్ (వెబ్ సర్వర్, పీహెచ్‌పీ, డేటాబేస్ కలిపి ఇచ్చే ప్యాక్) వేసి నడుపుతున్నాం. ఈ షెల్ గొడవ లినక్స్ వాళ్లకేనా?

గంటస్తంభం
కాదండి. విండోస్ షెల్ అయిన సీఎమ్‌డీకి కూడా & అంటే తర్వాతి కమాండ్ అనే అర్థం. పైగా మీకు ఇంకోటి కూడా ఉంది, 2024 జూన్‌లో వచ్చిన సీవీఈ-2024-4577, విండోస్ మీద పీహెచ్‌పీని సీజీఐ పద్ధతిలో (వెబ్ సర్వర్ దాన్ని వేరే ప్రోగ్రామ్‌గా పిలిచే పద్ధతి) నడిపితే వచ్చేది, ఎక్సాంప్ మామూలు అమరిక కూడా అందులోకి వస్తుంది. చైనీస్, జపనీస్ భాషల విండోస్‌లో పని చేస్తుందని నిరూపించి చూపించారు, మిగతా భాషలకి ఢోకా లేదని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేదు. పీహెచ్‌పీ 8.1.29, 8.2.20, 8.3.8, వీటికంటే పాతది ఉంటే ఇవాళే మార్చండి.

వంశధార_82
8.1.17 ఉంది. మారుస్తున్నాను.

పలాస_జీడి
నేను సర్వర్‌కి కాపీ తీసి, మా ఇంట్లో పాత ల్యాప్‌టాప్ మీద పెట్టి, నెట్ తీసేసి, షాపు పేరు చివర సెమికోలన్ పెట్టి, డేట్ అని కొట్టి, మళ్లీ సెమికోలన్ పెట్టాను. లాగ్‌లో ఈ రోజు తారీఖు పడింది! అంటే అది నడిచింది. మామయ్యగారికి చూపిస్తే 'ఇదేటి, ఎవడో పేరు రాస్తే మన మిషను వాడి మాట వింటాదా' అన్నారు.

రాజాం_రాజు
సరే, ఇది చూశాక నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. జీడి గారు చేసినట్టు కాపీ మీదే చెయ్యండి మిగతావాళ్లు కూడా. ఇదే ప్యాకేజీ వాడుతున్న వేరే వాళ్ల సైటు మీద ఎవరూ ప్రయోగం చెయ్యొద్దు, ఐటీ చట్టం 43, 66 సెక్షన్లు ఉన్నాయి, 'మంచికే చూశాను' అంటే స్టేషన్‌లో వినరు.

నాగావళి
రాజు గారి మాట అందరూ గుర్తుపెట్టుకోండి.

జీడి గారూ, ఇప్పుడు మరమ్మతు సంగతి. పీహెచ్‌పీలో ఎస్కేప్‌షెల్‌ఆర్గ్ అని ఒక ఫంక్షన్ ఉంది, ఎస్కేప్‌షెల్‌సీఎమ్‌డీ అని ఇంకోటి ఉంది. పేర్లు దగ్గరగా ఉంటాయి, జనం తికమక పడతారు. మొదటిది ఒక్కొక్క విలువనీ కొటేషన్‌లో చుట్టి ఒకే ముక్కగా ఉంచుతుంది. రెండోది మొత్తం వాక్యంలో ప్రమాదకరమైన గుర్తుల ముందు బ్యాక్‌స్లాష్ పెడుతుంది గానీ ఖాళీలని వదిలేస్తుంది, కాబట్టి కొత్త ఆప్షన్లు దూర్చడాన్ని ఆపలేదు. వాడాల్సింది మొదటిది. ఇంతకంటే మంచి పద్ధతి అసలు షెల్‌ని పిలవకపోవడం. పీహెచ్‌పీ 7.4 నుంచి ప్రాక్‌ఓపెన్‌కి కమాండ్‌ని అర్రేగా ఇవ్వొచ్చు, అప్పుడు మధ్యలో షెల్ ఉండదు, & వచ్చినా సెమికోలన్ వచ్చినా అది వట్టి అక్షరమే. నోడ్ వాళ్లు ఎగ్జెక్ బదులు ఎగ్జెక్‌ఫైల్, పైథాన్ వాళ్లు సబ్‌ప్రాసెస్‌కి జాబితా ఇచ్చి షెల్ ట్రూ అన్నది తీసెయ్యడం.

పొందూరు_నూలు
ఎస్కేప్‌షెల్‌ఆర్గ్‌తో మన తెలుగువాళ్లకి ఇంకో తిప్పలు ఉంది, నాగావళి గారు చెప్పలేదు. సర్వర్ లొకేల్ (భాష, అక్షరాల అమరిక) యూటీఎఫ్-8 (తెలుగుతో సహా అన్ని లిపులూ పట్టే పద్ధతి) కాకపోతే అది తెలుగు అక్షరాల్ని మాయం చేసేస్తుంది. మా ఖద్దరు దుకాణం రసీదుల్లో పేరు తెలుగులో కొడితే ఫైలు పేరు ఖాళీగా వచ్చేది, అన్ని రసీదులూ ఒకదాని మీద ఒకటి పడేవి. సెట్‌లొకేల్‌తో ఎల్‌సీ సీటైప్ యూటీఎఫ్-8 చెయ్యాలి ముందు. చాలామంది ఈ గొడవ పడలేక ఎస్కేప్‌షెల్‌ఆర్గ్ తీసేసి మళ్లీ మొదటికి వస్తారు. మీ ప్యాకేజీ వాళ్లు కూడా అందుకే తీసేశారేమో.

కళింగ_కోడర్
నూలు గారు చెప్పింది చాలా విలువైన మాట. నేనొకటి చేరుస్తాను. కొటేషన్‌లో చుట్టినా, అర్రేగా ఇచ్చినా, పేరు చిన్న గీతతో మొదలైతే ఆ ప్రోగ్రామ్ దాన్ని ఫైలు పేరు అనుకోదు, ఆప్షన్ అనుకుంటుంది. 2017లో గిట్‌లో (కోడ్ మార్పులు దాచుకునే, పంచుకునే ప్రోగ్రామ్) వచ్చింది ఇదే, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే పద్ధతి) చిరునామాలో సర్వర్ పేరు ఉండాల్సిన చోట గీతతో మొదలయ్యే ఆప్షన్ పెడితే ఆ కోడ్‌ని క్లోన్ చేసిన, అంటే కాపీ దించుకున్నవాళ్ల మిషన్‌లో కమాండ్ నడిచింది. విండోస్ వాళ్లకి అర్రే కూడా పూర్తి కాపలా కాదు, బ్యాచ్ ఫైలుని పిలిస్తే సీఎమ్‌డీ మళ్లీ మధ్యలోకి వస్తుంది, 2024 ఏప్రిల్‌లో రస్ట్ భాష వాళ్లు దీనికోసమే 1.77.2 తెచ్చారు. కాబట్టి బయటివాళ్లు కొట్టిన పేరుని ఫైలు పేరుగా వాడటమే మానెయ్యండి. బిల్లు నెంబరు పెట్టండి. అంకెలు తప్ప ఇంకేమీ రాని గడి అది. పార్టీ పేరు పీడీఎఫ్ లోపల ఎలాగూ & తో సహా అచ్చు పడుతుంది, ఆడిటర్ గారికి కావాల్సింది అదే కదా.

గంటస్తంభం
ఇంతకీ ఇప్పటిదాకా ఎవడూ వాడుకోలేదని ఎలా తెలుసు? రిజిస్ట్రేషన్ పట్టికలో షాపు పేర్లు చూశావా తమ్ముడూ? డాలరు, సెమికోలన్, బ్యాక్‌టిక్ ఉన్నవి వెతుకు.

పలాస_జీడి
ఇప్పుడే వెతికాను. ఒకటి ఉంది. షాపు పేరు గడిలో డాలరూ బ్రాకెట్టూ, లోపల ఏదో ఐపీ చిరునామా, ఊరు పేరు లేదు, జీఎస్టీ గడిలో వట్టి ఒకట్లు. మూడు నెలల కిందటిది. చేతులు వణుకుతున్నాయి, ఇప్పుడేం చెయ్యాలి?

నాగావళి
కంగారు పడకండి, అలాగని ఏదీ చెరపకండి కూడా. ఆ వరస అలాగే ఉంచండి, ఆ రోజు యాక్సెస్ లాగ్, ఎర్రర్ లాగ్ రెండూ పెన్‌డ్రైవ్‌లోకి తీయండి. సర్వర్‌ని నెట్ నుంచి విడదీయండి. తర్వాత వెబ్ సర్వర్ యూజరు పేరు మీద క్రాన్‌లో (టైం ప్రకారం పనులు దానంతట అవే నడిపేది) ఏమైనా చేరిందా, ఎస్‌ఎస్‌హెచ్ కీల ఫైల్లో మీది కాని కీ ఉందా, అప్‌లోడ్ ఫోల్డర్లలో మీరు పెట్టని పీహెచ్‌పీ ఫైలు ఉందా, టెంప్ ఫోల్డర్‌లో ఏం నడుస్తోంది, ఇవి చూడండి. దొరికినా దొరక్కపోయినా ఆ సర్వర్‌ని నేను నమ్మను, కొత్తగా ఎక్కించి పాత బ్యాకప్ నుంచి డేటా మాత్రమే తెచ్చుకోండి. డేటాబేస్ పాస్‌వర్డ్, వాట్సాప్‌కి వాడే కీ, మెయిల్ పాస్‌వర్డ్ అన్నీ మార్చాలి, ఎందుకంటే అవన్నీ అదే మిషన్‌లో కాన్ఫిగ్ ఫైల్లో ఉన్నాయి.

తోటపల్లి_కాలవ
పోలీసులకి చెప్పాలా?

గంటస్తంభం
డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే. ఇక్కడ డబ్బు పోలేదు, సర్వర్‌లోకి చొరబాటు అనుమానం. సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కి రాయాలి. 2022 ఏప్రిల్ 28న వాళ్లిచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటిది గమనించిన 6 గంటల్లో తెలియజెయ్యాలి, కంపెనీలకి కూడా అది వర్తిస్తుంది. వాళ్ల సైటులో ఫారం ఉంది, తెలిసినంత వరకే నింపి పంపు, మిగతాది తర్వాత పంపొచ్చు.

రాజాం_రాజు
పంపితే మా మీదే కేసు పెడతారేమో అని చిన్న వ్యాపారులు భయపడతారు. మామయ్యగారు ఒప్పుకుంటారా?

పలాస_జీడి
ఒప్పుకున్నారు. 'పార్టీల లెక్కలు మన దగ్గర పెట్టుకున్నాక దాచడం ఏటి' అన్నారు. ఫారం పంపేశాను. పార్టీలకి కూడా ఫోన్ చేసి చెప్తున్నాం, మా పేరుతో బ్యాంకు అకౌంటు మారిందని మెసేజ్ వస్తే నమ్మొద్దు, మాకు ఫోన్ చెయ్యమని.

కళింగ_కోడర్
ఆ చివరి మాట పార్టీలకి చెప్పడం చాలా మంచి పని. దొంగిలించిన లెడ్జరుతో చేసేది అదే, పాత బిల్లు నెంబరు చూపించి కొత్త అకౌంటు నెంబరు పంపుతారు. ప్యాకేజీ రాసినవాళ్లకి గిట్‌హబ్‌లో సెక్యూరిటీ ట్యాబ్ నుంచి ప్రైవేటుగా రాశాను, ఇష్యూగా పెడితే అందరికీ కనిపిస్తుంది కాబట్టి పెట్టలేదు. సీవీఈ నెంబరు సెర్ట్-ఇన్ కూడా ఇవ్వగలదు, కావాలంటే అక్కడి నుంచి అడుగుదాం.

పొందూరు_నూలు
రాసినవాళ్లు స్పందించకపోతే?

కళింగ_కోడర్
మామూలుగా 90 రోజులు ఆగుతారు. కానీ ఆ లోపు మన మరమ్మతు మనం చేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అడుగున ఉన్న ఆ డబ్ల్యూకే ప్రోగ్రామ్‌ని కూడా 2023లో ఆర్కైవ్ చేసేశారు, దానికి కొత్త సవరణలు రావు, నెమ్మదిగా వేరేదానికి మారడం మంచిది.

కళింగ_కోడర్
జవాబు వచ్చింది. లోపం ఒప్పుకున్నారు, వచ్చే విడుదలలో అర్రే పద్ధతికి మారుస్తామన్నారు. తెలుగు పేర్ల లొకేల్ సంగతి కూడా రాశాను, నూలు గారి పోస్టు సారాంశం ఇంగ్లీషులో పెట్టి.

పలాస_జీడి
కొత్త సర్వర్ ఎక్కించాం, ఫైలు పేరు బిల్లు నెంబరుకి మార్చాం, & తో ఉన్న పార్టీలన్నిటికీ బిల్లులు వెళ్తున్నాయి. పాత మిషన్‌లో క్రాన్, కీలు చూస్తే కొత్తగా ఏమీ దొరకలేదు, అయినా దాన్ని పక్కన పెట్టేశాం. ఇప్పుడు గుమస్తా గారి గోల ఒకటి మిగిలింది. అన్ని ఫైళ్లూ అంకెలతోనే ఉంటే, డౌన్‌లోడ్ చేసుకున్నాక ఏ పార్టీ బిల్లు ఏదో తెలియడం లేదంటున్నారు. మళ్లీ పేరు పెట్టమంటున్నారు.

నాగావళి
సర్వర్‌లో అంకెలే ఉంచండి. డౌన్‌లోడ్ ఇచ్చేటప్పుడు కంటెంట్ డిస్పొజిషన్ హెడర్‌లో పార్టీ పేరు పెట్టండి, బ్రౌజరు ఆ పేరుతో సేవ్ చేస్తుంది, షెల్‌కి దాని సంగతే తెలీదు. తెలుగు పేరైతే ఫైల్‌నేమ్ పక్కన నక్షత్రం గుర్తు ఉన్న రూపంలో యూటీఎఫ్-8 అని రాసి, పేరుని రాయూఆర్‌ఎల్‌ఎన్‌కోడ్ (అక్షరాల్ని శాతం గుర్తు కోడ్‌లుగా మార్చే పీహెచ్‌పీ ఫంక్షన్) చేసి ఇవ్వాలి.

పలాస_జీడి
పని చేసింది గురువుగారూ. గుమస్తా గారి డెస్క్‌టాప్ మీద & తోనే వస్తోంది. ఆర్డరు ఫారం సోమవారం తెరుస్తాం, ఈసారి మేం ఓకే చేసిన తర్వాతే పీడీఎఫ్ తయారయ్యేలా.

వంశధార_82
మా కాలేజీలో హాల్ టికెట్ల ప్రోగ్రామ్ కోడ్ తెరిచి చూస్తే అందులోనూ ఎగ్జెక్ లోపల విద్యార్థి పేరు అతికించి ఉంది. దీనికి కొత్త చర్చ తెరుస్తున్నాను, అందరూ అక్కడికి రండి.